కింది కుడి మూల: కొత్త లెన్సును ఉంచుకోవాలా, వాపసివ్వాలా

మొదటి రోజు, శుక్రవారం

ఆన్‌లైన్‌లో తెప్పించిన 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఈ రోజు మధ్యాహ్నం చేతికి వచ్చింది. మి.మీ. అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు దూరే లెన్సు కన్ను ముడుచుకుంటుంది. ధర 38,000 రూపాయలు. నచ్చకపోయినా, లోపం కనిపించినా పది రోజుల్లోగా చెప్పాలని బిల్లు వెనుక రాసి ఉంది కనుక, పెట్టెను, లోపలి అట్టలను, చివరికి ప్లాస్టిక్ సంచిని కూడా పారేయకుండా బీరువా మీద పెట్టాను.

ఈ లెన్సు ఎందుకో ముందుగా రాసుకోవాలి. హైదరాబాదు పాత బజార్లలో చేత్తో రాసిన దుకాణాల బోర్డులను ఫొటోలు తీసి, ఒక్కొక్క దానికి చోటు, లిపి, రంగులు, రాసిన పెయింటరు వివరాలతో జాబితా తయారుచేసే పని రెండేళ్లుగా సాగుతోంది. ఫ్లెక్సీలు వచ్చాక ఇలాంటి బోర్డు రాయించేవారు అరుదయ్యారు; ఉన్నవాటిలో చాలా వాటికి పెచ్చులు లేస్తున్నాయి. ఇంతకాలం 50 మి.మీ. లెన్సుతో నెట్టుకొచ్చాను. కానీ సుల్తాన్ బజార్ సందుల్లో పది అడుగులు వెనక్కి జరిగితే వీపు ఎదుటి గోడకు తగులుతుంది, తొమ్మిదడుగుల బోర్డు ఆ లెన్సులో పట్టదు. 35 మి.మీ. అయితే మూడు మీటర్ల దూరం నుంచి మూడు మీటర్ల వెడల్పు పడుతుంది. నా కెమెరా ఫుల్ ఫ్రేమ్ సెన్సారుది, అంటే బొమ్మ పడే పలక పాత ఫిల్ము ఫ్రేమంత ఉంటుంది; అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంటే బోర్డు మీద ఒక్కో మిల్లీమీటరుకు రెండు పిక్సెళ్ల చొప్పున వస్తాయి. గోరంత అక్షరమైనా చదవడానికి అది చాలాలి.

మూడో రోజు, ఆదివారం

తెల్లవారి ఆరున్నరకు సుల్తాన్ బజార్ చేరాను. దుకాణాల షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి. టైలరింగ్ సామాను అమ్మే ఒక దుకాణం బోర్డును ఎదుటి మేడ మెట్ల మీద నుంచి, బోర్డు ఎత్తులోనే ట్రైపాడ్ నిలిపి తీశాను. పైన ఇంగ్లీషు, ఎడమ సగంలో తెలుగు, కుడి సగంలో ఉర్దూ. నీలం నేల మీద పసుపు అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ. ఎఫ్/5.6, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్.

రాత్రి కంప్యూటరు తెర మీద అసలు పరిమాణంలో చూసినప్పుడు తెలుగు సగంలో కుంచె వెంట్రుకలు వదిలిన గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. చూపును కుడివైపుకు జరుపుతున్నకొద్దీ ఆ గీతలు కలిసిపోయాయి. ఉర్దూ అక్షరాల కింద పక్కపక్కన ఉండవలసిన రెండు చుక్కలు, అంచుకు వచ్చేసరికి ఒక్క అడ్డ మచ్చలా అయ్యాయి. కింది కుడి మూలలో పెయింటరు సంతకం ఉంది. సందులో ఉన్నప్పుడు దాన్ని నేను గమనించనే లేదు. రెండు పొడి అక్షరాలు, ఆ తరువాత ‘ఆర్ట్స్’, దాని కింద పేట పేరు. ‘గౌలి’ వరకు తెలుస్తోంది, తరువాతి రెండు అక్షరాలు అలుక్కుపోయాయి. సుల్తాన్ బజార్ ఉన్న కోఠీకి పక్కనే కదా అని ‘గౌలిగూడ’ అని జాబితాలో రాసుకున్నాను.

లెన్సునే అనుమానించడానికి మనసొప్పలేదు. మెట్ల మీద కెమెరా బోర్డుకు సమాంతరంగా లేకపోయి ఉండవచ్చు కదా. కానీ లెక్క వేసి చూస్తే ఆ సాకు నిలబడలేదు. మూడు మీటర్ల దూరంలో ఎఫ్/5.6 దగ్గర, మసక రెండు పిక్సెళ్లకు మించకూడదనే గట్టి కొలత పెట్టుకున్నా, సుమారు 2.6 మీటర్ల నుంచి 3.6 మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగానే రావాలి. కుడి అంచు ఎడమ అంచు కంటే జానెడు దూరంగా ఉన్నా ఇంత తేడా పడకూడదు.

నాలుగో రోజు, సోమవారం

ఆఫీసు నుంచి వస్తూ గౌలిగూడలో దిగి, పాత పెయింటర్ల గురించి నాలుగు చోట్ల అడిగాను. ఆ పొడి అక్షరాలతో ఎవరినీ ఎరగమన్నారు. లెన్సు పని ముట్టుకోలేదు.

అయిదో రోజు, మంగళవారం

సందులో తీసిన ఫొటోను పట్టుకుని లెన్సు మీద తీర్పు చెప్పడం సరికాదు కనుక ఇంట్లో, హాలు గోడ మీద పరీక్ష పెట్టాను. ఇందులో నేను ఎక్కువ కాలం వెచ్చించింది కెమెరాతో కాదు, గోడతో. దారం లాగి పట్టి చూస్తే మధ్యలో కొద్దిగా ఉబ్బు కనిపించింది. కిటికీ పక్క గోడ నయమనిపించింది. నాలుగు మూలల్లో నాలుగు వేర్వేరు వస్తువులు ఉంటే పోలిక కుదరదు. అందువల్ల తెలుగు దినపత్రికలో చిన్న ప్రకటనలున్న పేజీ ఒకటి తీసుకుని, దానికే అయిదు జిరాక్స్ కాపీలు తీయించి, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ అంటించాను. కొన్ని వందల రూపాయలు పోసి టెస్ట్ చార్టు కొనడం కంటే ఇదే మేలు. మన లిపిలో ఒత్తులు, గుడులు, సున్నలు ఉన్నాయి కనుక ఎక్కడ ఎంత మసక వచ్చిందో కన్ను వెంటనే పట్టేస్తుంది.

కెమెరాను గోడకు సమాంతరంగా నిలపడానికి రసమట్టం ఒక్కటే చాలదు. అది పైకీ కిందికీ వంపును చెబుతుంది గాని, పక్కకు తిరిగిన సంగతి చెప్పదు. దానికి పాత పద్ధతి ఒకటుంది. గోడ మీద ఫ్రేము మధ్యకు వచ్చే చోట చిన్న అద్దాన్ని పూర్తిగా ఆనుకునేలా అంటించి, కెమెరా తెరలో చూస్తూ, అద్దంలో మన లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడుమకు వచ్చేవరకు ట్రైపాడ్ తలను తిప్పుకోవాలి. అద్దంలో లెన్సు తన కంటిలోకి తానే చూసుకున్నట్టు కనిపించినప్పుడు సెన్సారు, గోడ సమాంతరంగా ఉన్నట్టు లెక్క. అరగంట పట్టింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి, గోడకు అద్దం, ఎదురుగా కెమెరా, వెనుక నేను వంగి ఉండటం చూసి ఏమీ అడగకుండానే వెళ్లిపోయింది.

కెమెరాలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపేశాను, ఎందుకంటే ఆ యంత్రాంగం సెన్సారునే కదిలిస్తుంది. ఫోకస్ చేత్తో, తెర మీద పెద్దది చేసి, మధ్య పేజీ మీద పెట్టాను. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/11 వరకు ఒక్కో ఎపర్చరుకు (లెన్సు కన్ను తెరిచే కొలతకు) మూడేసి ఫొటోలు, కెమెరా ఏమీ దిద్దని రా ఫైళ్లుగా. కెమెరాలో తయారయ్యే జేపెగ్ లో వంకర సరిదిద్దడం, పదును పెంచడం వగైరా దానికదే జరిగిపోతాయి కనుక లెన్సు అసలు రూపం బయటపడదు.

రాత్రి పదకొండింటికి ఫలితం చూశాను. ఎఫ్/5.6 దగ్గర ఎడమ పై మూలలో ‘వధువు కావలెను’ అన్న ప్రకటన తేటగా చదవవచ్చు. అదే ప్రకటన కింది కుడి మూలలో ‘వదువు కావలెను’ అయింది. ధకారం కింది చిన్న గీత పొట్టలో కలిసిపోయింది. ‘అద్దెకు’ లో ద కింది దావత్తు ఒక నల్లటి ముద్ద.

కంటి మాటకు తోడు ఒక మోటు కొలత కూడా తీసుకున్నాను. అయిదు చోట్ల నుంచి ఒకే అక్షరాలున్న సమాన చదరపు ముక్కలను కత్తిరించి, ఒకే నాణ్యతలో జేపెగ్ గా దాచి, ఫైళ్ల బరువు చూశాను. స్పష్టత ఎక్కువున్న బొమ్మలో వివరం ఎక్కువ కనుక ఫైలు బరువెక్కుతుంది. ఎఫ్/5.6 లో మధ్య ముక్క 226 కేబీ, ఎడమ రెండు మూలలూ 214, 211. కుడి పై మూల 188, కింది కుడి మూల 149. ఎఫ్/1.8 లో కింది కుడి మూల వందకు కూడా రాలేదు, ఎడమ మూలలు 150 దగ్గర ఉన్నాయి. ఇది ప్రయోగశాల కొలత కాదని తెలుసు. పక్కపక్కన పెట్టి పోల్చడానికి మాత్రం సరిపోతుంది.

ఆరో రోజు, బుధవారం

అద్దాన్ని నేనే వంకరగా అంటించి ఉండవచ్చునన్న అనుమానం నిద్రలో కూడా వదలలేదు. దానికి విరుగుడు ఉంది: గోడను, ఫోకస్‌ను ముట్టుకోకుండా కెమెరాను ట్రైపాడ్ మీద తలకిందులుగా తిప్పి, అద్దంలో మళ్లీ సరిచూసుకుని మరొక ఫొటో తీయాలి. తప్పు గోడదో నా అమరికదో అయితే, మసక గోడ మీద అదే పేజీ దగ్గర ఉండిపోతుంది. తప్పు లెన్సుదో కెమెరాదో అయితే, మసక కెమెరాతోపాటు తిరిగి గోడకు అవతలి మూలకు పోతుంది.

పోయింది. నిన్న తేటగా ఉన్న ఎడమ పై పేజీలో ఈ రోజు ‘వదువు’ వెలిసింది.

తరువాత పాత 50 మి.మీ. లెన్సు బిగించి అదే గోడను తీశాను. నాలుగు మూలలూ మధ్యకంటే కొంచెం మెత్తగానే ఉన్నాయి గాని నాలుగూ సమానంగా ఉన్నాయి. ఈ సమానత్వమే ఇక్కడ కీలకం. లెన్సు డిజైనులోనే మూలలు బలహీనంగా ఉంటే ఆ బలహీనత నాలుగు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అలాంటి లెన్సును మార్చి ఇంకొకటి తెచ్చుకున్నా అదే వస్తుంది కనుక వాపసు అడగడంలో అర్థం లేదు. ఒక వైపే పోయిందంటే అది ఆ మోడల్ తప్పు కాదు, నా చేతికొచ్చిన ఆ ఒక్క లెన్సు తప్పు. కంపెనీలు ఇచ్చే గ్రాఫుల్లో ఈ సంగతి దొరకదు; అవి మధ్య నుంచి మూల వరకు స్పష్టత ఎలా తగ్గుతుందో మాత్రమే చూపిస్తాయి, అంటే అన్ని వైపులా ఒకటేనన్న లెక్క మీదనే గీస్తారు.

ఇంకొక ప్రయత్నం కూడా చేశాను. ఫోకస్‌ను మధ్య నుంచి తీసి, నేరుగా కింది కుడి మూల మీద పెట్టాను. ఆ మూల బాగానే తేరుకుంది, ‘వధువు’ తిరిగి వచ్చింది. కాని ఆ మేరకు ఎడమ వైపు మసకబారింది. లెన్సులోని గాజుల్లో ఏదో ఒకటి కాస్త ఒరిగి కూర్చోవడం వల్ల ఫోకస్ తలం గోడకు సమాంతరంగా కాకుండా తలుపు కొద్దిగా తెరిచినట్టు ఒక పక్కకు వాలిందన్నమాట. అయినా కుడి మూల ఎడమ మూలంత పదునెక్కలేదు; నిలువు గీతలు తేలాయి, అడ్డగీతలు కాస్త మెత్తగానే ఉండిపోయాయి. ఒరగడంతోపాటు గాజు నడిమి గీత నుంచి పక్కకు జరిగి కూడా ఉండవచ్చునని నా ఊహ. మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో జరిగే తేడాలివి. చేత్తో తిప్పి చూస్తే, ఊపి చూస్తే ఏమీ తెలియదు.

ఏడో రోజు, గురువారం

మిగిలిన అనుమానం కెమెరా మౌంటు మీద, అంటే లెన్సు బిగించే వలయం మీద. వీధి చివర ఉండే, పెళ్లిళ్ల ఫొటోలు తీసే తమ్ముడి దగ్గర నా మోడల్ కెమెరాయే ఉంది. లెన్సు అతని కెమెరాకు బిగించి అదే గోడను తీస్తే అదే మూల, అదే మసక. కనుక నా కెమెరాకు దోషం లేదు. అతను ఫొటోను చాలాసేపు చూసి, “అన్నా, పెండ్లి ఫొటోల మూలకు ఎవ్వలు చూస్తరే? పిల్ల, పిలగాడు నడుమల ఉంటరు. నాకైతే ఇది మస్తుగుంది” అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. మనుషుల ఫొటోలకు, వెనుక భాగం ఎలాగూ మసకగా ఉండాలనుకునే చోట, ఈ లెన్సు పదేళ్లు వాడినా ఎవరికీ ఈ లోపం కనిపించకపోవచ్చు.

పొద్దున్న ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి కూడా వెళ్లి వచ్చాను. దూరపు వస్తువుల మీద లోపం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. 1939లో ప్రారంభమైన ఆ గ్రానైటు భవనం ముఖభాగం కుడి ఎడమలు ఒకదానికొకటి జోడీగా ఉంటాయి కనుక రాతి వరసలను పోల్చి చూసుకోవచ్చు. నడకకు వచ్చినవారు పక్కకు తప్పుకునేవరకు ఆగి నాలుగు ఫొటోలు తీశాను. ఎఫ్/8 లో తేడా వెతికితేనే కనిపించింది. దగ్గరి దూరాల్లో ఎక్కువ, దూరపు దృశ్యాల్లో తక్కువ. నా పని మాత్రం మూడు మీటర్ల దూరంలోనే.

ఎనిమిదో రోజు, శుక్రవారం

కోఠీలో నా పాత కెమెరాలను బాగుచేసి ఇచ్చిన ఒక పెద్దాయన దగ్గరకు లెన్సు తీసుకువెళ్లాను. భూతద్దం కన్నుకు పెట్టుకుని మౌంటు మరలను ఒక్కొక్కటిగా చూసి, ఎవరూ విప్పిన జాడ లేదన్నారు. “ఖోలో నక్కో సాబ్. గ్లాస్ తియ్యొచ్చు, పెట్టొచ్చు. సీదా కూసుందా లేదా చూసే మిషన్ నా దగ్గర లేదు. కొత్త మాల్, వాపస్ ఇచ్చెయ్యుండ్రి” అన్నారు. పైసా తీసుకోలేదు. చాయ్ తాగి వచ్చాను.

ఇక తేల్చుకోవలసింది నేనే. ఉంచుకోవాలనే వైపు కూడా గట్టి మాటలు ఉన్నాయి. మధ్య భాగం అద్భుతంగా ఉంది. మార్చి ఇచ్చే లెన్సు దీనికంటే ఘోరంగా ఉండదన్న హామీ ఏదీ లేదు; ఏ రెండు లెన్సులూ అచ్చంగా ఒకేలా ఉండవు, నూటికి నూరు పాళ్లు సమానమైన లెన్సు కోసం వెతకడం మొదలుపెడితే అది వ్యసనమవుతుంది. ఎఫ్/11 దాకా మూస్తే కింది కుడి మూల 183 కేబీకి చేరింది, అంటే మిగిలిన మూలలకు దగ్గరగా వచ్చింది. కాని అక్కడ వివర్తనం (సన్నని రంధ్రం దాటిన వెలుతురు పక్కలకు విచ్చుకోవడం) వల్ల మొత్తం ఫొటో పదును కొంత దిగుతుంది, పైగా ఎఫ్/5.6 తో పోలిస్తే వెలుతురు నాలుగో వంతే. తెల్లవారుజామున ఇరుకు సందులో, మెట్ల మీద, ఎవరో ఒకరు పాలప్యాకెట్లతో పైకి వస్తూ కదిలించే ట్రైపాడ్ మీద అది పెద్ద తేడా.

బోర్డును ఫ్రేములో ఎడమకు జరిపి, కుడి అంచు వదిలేసి కత్తిరించుకోవచ్చు. అప్పుడు ఇంకా వెనక్కి జరగాలి, వెనుక గోడ ఉంది. కెమెరాను తలకిందులుగా పెట్టి తీస్తే మసక ఎడమ పై మూలకు పోతుంది కదా అని ఒక నిమిషం సంబరపడ్డాను కూడా. కాని మన బోర్డుల్లో ఆ పై భాగం ఖాళీగా ఉండదు: ఒక దుకాణానికి అక్కడ ‘శ్రీ’ ఉంటుంది, పక్క దుకాణానికి ‘786’ ఉంటుంది. దేవుణ్ణి మసకబార్చి పెయింటర్ని కాపాడటం ఏ లెక్కన చూసినా ఇబ్బందే.

చివరికి, పరీక్ష పేజీలను పక్కన పెట్టి, జాబితాలోని పాత ఫొటోలు నూట నలభై తెరిచి, పెయింటరు సంతకం ఎక్కడెక్కడ ఉందో చూశాను. సంతకం ఉన్నవి అరవై మూడు. వాటిలో యాభై ఒకటి కింది కుడి మూలలోనే. నేను కాపాడాలనుకున్నది ఏ మూలలో ఉందో, ఈ లెన్సు సరిగ్గా ఆ మూలలోనే చూడలేకపోతోంది. వాపసు చేయాలని నిర్ణయించుకున్నాను.

తొమ్మిదో రోజు, శనివారం

అమ్మినవారికి ఫోన్ చేస్తే మొదట, “సార్, ఫొటో వస్తోంది కదా, ఫోకస్ అవుతోంది కదా, అది డిఫెక్టు కింద రాదు” అన్నారు. వాదించకుండా మూడు ఫైళ్లు పంపాను: గోడ ఫొటో, కెమెరా తలకిందులు చేసి తీసిన గోడ ఫొటో, రెండో కెమెరాతో తీసిన ఫొటో. ఒక్కొక్కదాని కింద ఏం చూడాలో ఒక్క వాక్యం. సాయంత్రానికి మార్చి ఇస్తామన్నారు. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరట. రెండోది ఎంతవరకు ఉంటే ఒప్పుకోవాలో ఇప్పుడే రాసిపెట్టుకుంటున్నాను, అది చేతికొచ్చాక మనసు మారకుండా: ఎఫ్/5.6 దగ్గర నాలుగు మూలల్లోనూ ‘వధువు’ వధువుగానే ఉండాలి. ఎఫ్/1.8 దగ్గర ఏమున్నా పట్టించుకోను.

పదిహేనో రోజు, శుక్రవారం

రెండో లెన్సు వచ్చింది. జిరాక్స్ పేజీలు గోడ మీదే ఉన్నాయి, అద్దం కూడా. ఎఫ్/1.8 లో ఎడమ పై మూల మిగిలిన మూడింటికంటే కాస్త వెనుకబడింది, 131 కేబీ. మిగిలినవి 146 నుంచి 150 మధ్య. ఎఫ్/4 కు వచ్చేసరికి ఆ తేడా పోయింది. ఎఫ్/5.6 లో నాలుగు మూలలూ 208కీ 215కీ నడుమ. కాసేపు ఆ ఎడమ పై మూలనే చూస్తూ కూర్చుని, శనివారం రాసుకున్న వాక్యం మళ్లీ చదివి, తెర మూసేశాను. గోడ మీద కాగితాలు ఊడదీస్తుంటే రెండు చోట్ల సున్నం లేచింది.

పదిహేడో రోజు, ఆదివారం

అదే మెట్లు, అదే బోర్డు, అదే ఎఫ్/5.6. ఈసారి ఇంటికి వచ్చేదాకా ఆగకుండా మెట్ల మీదే కెమెరా తెరలో కింది కుడి మూలను పెద్దది చేశాను. ఉర్దూ సగంలో రెండు చుక్కలు రెండుగానే ఉన్నాయి. సంతకంలో పొడి అక్షరాలు నేను చదివినవే. పేట పేరు మాత్రం గౌలిగూడ కాదు, గౌలిపుర. ‘పు’ కొమ్ము తోక ఒకటి కింది ఎర్ర గీతను దాటి కొద్దిగా బయటికి వచ్చింది. అదే మొదటి ఫొటోలో ‘గూ’ లా అలుక్కుపోయి నన్ను కోఠీ చుట్టూ తిప్పింది. తలెత్తి ఒకసారి బోర్డును సూటిగా చూసి ఉంటే ఆ తిరుగుడు తప్పేదని ఒప్పుకోవాలి. మెట్ల మీద నుంచి ఆ అక్షరాలు మామూలు కంటికే కనిపిస్తున్నాయి.

జాబితాలో 141వ వరుస దిద్దాను. వచ్చే ఆదివారం గౌలిపుర వెళ్లాలి. సంతకం ఉన్న ముక్కను పెద్దదిగా ప్రింటు తీసి వెంట పెట్టుకుంటాను.